తునికాకు రంగు

ఆ బండి మా షెడ్డు ముందు దిగిన పూట మా బాపు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. ఆ చలికాలం గురించి ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మా బాపు రాజేశం ఒకప్పుడు కామారెడ్డిలో పేరున్న అవుసలాయన. నగల షోరూములు వచ్చాక ఆయన కుంపటి చల్లారింది. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని, గోడకు ముఖం చేసి కూర్చునేవాడు. కోపం లేదు, ఏడుపు లేదు. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. చేతిపని ఎవరికీ అక్కర్లేకపోతే మనిషి ఎట్లా అయిపోతాడో నేను రోజూ కళ్లారా చూస్తున్నాను. ఆయన్ని చూసి, తర్వాత మా ఆయన వంక చూసేదాన్ని. నా భయమంతా అదే.

మా ఆయన మహేందర్ కమ్మరింట పుట్టి మెకానిక్ అయినవాడు. ఎల్లారెడ్డి రోడ్డు మీద, కామారెడ్డి దాటేచోట మా షెడ్డు, దాని వెనకే ఇల్లు. బండి కళ్లబడక ముందే చప్పుడు విని దాని రోగం చెప్పేవాడు. కానీ ఇప్పుడొచ్చే బండ్లకు కార్బొరేటరే లేదు. ఎంత గాలికి ఎంత పెట్రోలు కలపాలో లోపలి చిప్పే చూసుకుంటుంది. ల్యాప్‌టాప్ తగిలించి చూసే వాళ్లకే ఆ బండ్లన్నీ పోయాయి. మహేందర్‌కు పంక్చర్లు, చైన్లు, ఆయిలు మార్చడాలు మిగిలాయి. ఆ చలికాలానికి ముందు వానల్లో అతను కూడా మధ్యాహ్నాలు స్టూలు మీద కూర్చుని ఎదురుగా ఉన్న రేకును చూడటం మొదలుపెట్టాడు. ఒకే ఇంట్లో రెండు గోడలకు ఇద్దరు మగవాళ్లంటే నేనేం కావాలి?

అందుకే దీపావళి పోయి చలి మొదలైన రోజుల్లో, ఎల్లారెడ్డిలో ఉండే భూపాల్ ట్రాలీ ఆటోలో ఆ బండిని తెచ్చి దించినప్పుడు నేను లోలోపల దండం పెట్టుకున్నాను.

జోడు సైలెన్సర్ల పాత త్రీఫిఫ్టీ మోటారుసైకిలు అది. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. మహేందర్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మీద చెయ్యి వేశాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

"మా నాయిన బండి," అన్నాడు భూపాల్. ఆయన మనిషి నిండుగా ఉంటాడు, కుర్చీ వేస్తే కుర్చీ కనపడదు. "మన దిక్కు గిట్లాంటివి రెండే మిగిలినయి మహేందర్. ఒకటిది. ఇంకోటి బీర్కూర్ల అరుణ్‌కుమార్ దగ్గరున్నది. పోయిన ఎండాకాలం వాడు నా ముంగటికెల్లి పోయిండు. ఊరంత చూసి నవ్విండ్రు. మాఘమాసంల మళ్ల పందెం నిలవడదం అనుకున్నం. పొద్దు మంచిగెక్కినంక, పది గొట్టంగ. నువ్వే నడుపాలె. నన్ను మోస్తె అది ఉరుకుతదా?"

"బయటిదేశపు కార్బొరేటర్లు దొరుకుతయన్నా," అన్నాడు మహేందర్. "నోరు పెద్దగుంటది. అవి ఏస్తె అయిపాయె."

"ఏయద్దు. పాతయే ఉండాలెనని మాట. అరుణ్‌కుమార్ గూడ పాతయే ఉంచుతడు. మా నాయిన చెయ్యి వడ్డయి అవి. అవిట్లనే ఏం జేస్తవో జెయ్."

అప్పుడే మా బాపు లేచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మహేందర్ విప్పి పెట్టిన ఒక కార్బొరేటరును తీసుకుని, దాని నోట్లో చిటికెన వేలు పెట్టి నిదానంగా తిప్పాడు.

"లోపట గరుకున్నది అల్లుడా," అన్నాడు. "నున్నగ జేస్తె గాలి జారుకుంట పోతది గదా?"

మహేందర్ నా వైపు చూశాడు. అన్ని నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిండు మాట అది.

ఆ తర్వాత మా ఇంట్లో పండగే పండగ. మహేందర్ రెండు కార్బొరేటర్ల నోళ్లనూ సన్నటి ఆకురాయితో కాస్త కాస్త పెద్దవి చేసేవాడు. బాపు వాటిని ఎమిరి కాగితంతో, తర్వాత నగలకు వేసే మెరుగుపొడితో, అద్దంలా తోమేవాడు. నోరు పెద్దదైతే ఇంజనులోకి గాలి ఎక్కువ వస్తుంది. గాలి పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోలూ పెరగాలి. ఆ పెట్రోలు ఒక చిన్న ఇత్తడి మరలో ఉన్న బెజ్జం గుండా పోవాలి. దాన్ని జెట్టు అంటారు. మొత్తం బండి ప్రాణం ఆ బెజ్జంలో ఉంటుంది, చూస్తే ఆవగింజ కూడా పట్టదు.

బజారులో తెచ్చిన జెట్ల మీద ఒక నంబరు ఉంటే లోపల ఇంకో కొలత ఉంది. అందుకని బండివే పాత జెట్లను టంకంతో మూసి, మళ్లీ బెజ్జం వేద్దామనుకున్నారు. మహేందర్ చెయ్యి సమ్మెట పట్టిన వంశంది, బెజ్జం వేసే సన్న బరమాలు పుటుక్కున విరిగాయి. బాపు చెయ్యి వణికింది. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

"ఇటియ్యుండ్రి," అన్నాను.

పెళ్లికి ముందు బాపు పక్కన కూర్చుని బంగారు గుండ్లకు బెజ్జాలు వేసిన చెయ్యి నాది. మరిచిపోయిందేమో అనుకున్నాను, మరవలేదు. కొలతకు బాపు కమ్మచ్చు తీశాడు. వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక అది. అందులోంచి లాగితే వెండి తీగ కోరినంత సన్నబడుతుంది. ఒక్కో రంధ్రాన్ని బాపు కన్ను అంటాడు. ఒక్కో కంటికి ఒక్కో తీగ లాగి పెట్టుకున్నాం. బెజ్జంలో ఏ తీగ బిగువుగా జారితే అది దాని కొలత. రెండు కార్బొరేటర్లకూ ఒకే కన్ను ఉండాలి, వెంట్రుకంత తేడా వచ్చినా బండి కుంటుతుంది.

"మామా, నీ బిడ్డ చెయ్యి గింత సన్నగ పనిజేస్తదని తెలిస్తె పెండ్లైన తెల్లారే షెడ్డుల కూసోవెడుదు," అన్నాడు మహేందర్.

"గప్పుడు నీకు షెడ్డేడిది అల్లుడా? పానా వట్కొని చెట్టుకింద కూసున్నవు," అన్నాడు బాపు.

ముగ్గురం నవ్వాం. పక్కింటి యాదవ్వ బీడీల చాట పట్టుకుని గోడ మీంచి తొంగి చూసింది, ఈ ఇంట్లో నవ్వులేమిటా అని. నేను ఆ రోజుల్లో నిజంగా సంతోషంగా ఉన్నాను. దాచుకోవడం దేనికి?

మధ్యాహ్నం భోజనాలయ్యాక, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మహేందర్ బండిని లింగంపేట దిక్కు తీసుకుపోయేవాడు. నిండా గాలి ఇచ్చి ఉరికించి, అదే ఊపులో ఇంజను ఆపేసి, చల్లారకముందే ప్లగ్గు విప్పేవాడు. వేరే ప్లగ్గు బిగించుకుని తిరిగొచ్చి, విప్పింది నాకు చూపేవాడు. మొదటిసారి ప్లగ్గు నల్లగా, తడితడిగా ఉంది. పెట్రోలు ఎక్కువైందన్నమాట. నేను ఆ జెట్లు మూసి, ఒక కన్ను సన్నగా వేశాను. ఈసారి కాస్త తేలింది. ఇంకో కన్ను సన్నగా వేశాను. ఆ సాయంత్రం ప్లగ్గు మూతి యాదవ్వ చాటలోని ఎండిన తునికాకు రంగులో వచ్చింది.

"ఇదే!" అన్నాడు మహేందర్. "ఇగ దీన్ని ముట్టద్దు."

"ఇంక సన్నం జేస్తె ఏమైతది?" అని అడిగాను, ఊరికే.

అతను అన్నం కలుపుతూ చెప్పాడు. "తెల్లగైతది. పెట్రోలు తక్వై మంట ఎక్వైతది. ముందుగాల బండి మస్తుగ ఉరుకుతది, గాలిల తేలినట్టు. ఇంజను పాట వాడినట్టు వలుకుతది. ఎనుక పిస్టను ఉబ్బి సిలిండర్ల గట్టిగ వట్టుకుంటది. చక్రం ఆడ్నే ఆగుతది." ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, అన్నాడు. "మనిషే ఆగడు."

నాకు ముద్ద దిగలేదు. అతనికి మాత్రం బాగానే దిగింది.

చలి ముదిరింది. యాసంగి నారుమళ్ల మీద తెల్లారేసరికి మంచు పరుచుకుంటోంది. ఒకరోజు భూపాల్ బండి చూస్తానంటే, మహేందర్ పొద్దు పొడవకముందే దాన్ని ఎల్లారెడ్డికి తీసుకుపోయాడు. అంతవరకు దాన్ని మధ్యాహ్నాలు తప్ప నడపలేదు. తిరిగొచ్చేసరికి అతని కళ్లు మెరుస్తున్నాయి. హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయాడు.

"వనజా, ఇయ్యాల అది నా మాట వినలే! తాడు తెంపుకున్న లేగ లెక్క వోయింది. గట్ల ఎన్నడు వోలే. ఏం జేసినవే నువ్వు?"

"నేనేం జేయలే. ప్లగ్గు ఏది?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. తునికాకు రంగు లేదు. సున్నంలా తెల్లగా ఉంది. దాని అంచున, ఉప్పురవ్వలో సగం కూడా లేని ఒక చుక్క మెరిసింది. మహేందర్ దాన్ని గోటితో గీకబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మెరిసే చుక్కలు చూస్తూ పెరిగినదాన్ని. బాపు కంటద్దం పెట్టుకుని, ప్లగ్గును వెలుగుకు తిప్పి చూశాడు.

"కరిగింది బిడ్డా," అన్నాడు. "లోపట ఏదో కరిగి చిట్లింది. ఇది దాని రవ్వ."

అది పిస్టను ముక్క. ముగ్గురికీ అర్థమైంది. జెట్లు అవే, పెట్రోలు అదే. మారిందేమిటి? నేను రెండు రోజులు అదే ఆలోచించాను. మూడో పొద్దున చలికి బాపు కోసం కుంపటి వెలిగిస్తుంటే తట్టింది. ఎండాకాలం మధ్యాహ్నం ఊది ఊది దవడలు నొప్పెట్టినా బద్ధకంగా ఎర్రబడే బొగ్గు, ఆ చలిలో రెండు ఊదులకే భగ్గుమంది.

"అంతే గదా మరి," అన్నాడు బాపు. "చలిగాలి చిక్కగుంటది. పొద్దుగాల పనిల నేను వెండి ఎన్నిమాట్ల కరగవెట్టుకున్ననో! మెల్లగ ఊదాలె."

ఉరికి షెడ్డులోకి వెళ్లి మహేందర్‌కు చెప్పాను. "మనం జెట్లు సరిజూసింది పగటీలి ఎండల. పొద్దుగాల గాలి చిక్కగుంటది. గదే నోట్లకెల్లి ఎక్వ గాలి వోతది, పెట్రోలు మాత్రం గంతే. అందుకే తెల్లగైంది. చలిల అది ఉరుకుతది, గని కాలిపోతది. ఇంకో జత జేస్త, ఒక కన్ను పెద్దగ. పొద్దుగాల నడుపుతె గవే ఏసుకో."

అతను చేతిలోని పానా కింద పెట్టాడు. నేను చెప్పింది మెల్లగా లోపలికి దిగడం అతని ముఖంలో కనిపించింది.

"అంటె చలిల ఎక్వ గాలి," అన్నాడు. "ఎక్వ గాలంటె ఎక్వ బలం."

"బలం గాదు, మంట."

"రెండొకటే గదనే."

"ఒకటెట్లయితది? నీ నోటితోని నువ్వే జెప్పినవు, మనిషి ఆగడని."

అతను నవ్వి నా తల మీద తట్టాడు. "పందెం పది గొట్టంగ గదా. అప్పటికి ఎండ వస్తది. నీకెందుకు బుగులు?"

నిజమే కదా అనుకున్నాను. అయినా ఊరుకోలేదు. ఒక కన్ను పెద్దగా ఇంకో జత జెట్లు చేసి, గుడ్డలో చుట్టి ఇచ్చాను. "ఏస్త," అని జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత అతనిలో ఏదో మారింది. పొద్దున నేను నీళ్లు తోడటానికి లేచేసరికి ఇంటి ముందు మంచులో నిలబడి ఉండేవాడు. అరచెయ్యి చాచి, గాలిని తూకం వేస్తున్నట్టు. ఏంది అంటే ఏం లేదనేవాడు. ఫోను వస్తే రోడ్డు దాకా నడిచిపోయి మాట్లాడేవాడు. ఒక సాయంత్రం బాపును అడగటం విన్నాను.

"మామా, దినం మొత్తంల చలి ఎప్పుడెక్వుంటది?"

"తెల్లారంగనే," అన్నాడు బాపు, పాపం, తెలిసినంత సంతోషంగా. "సూర్యుడు కండ్లు దెరిచేటాల్లకే అసలైన చలి. కుంపటి కాడ కూసున్నోళ్లకు దెలుస్తది."

మహేందర్ తలాడించాడు. పందెం పది గంటలకని నాకు నేనే చెప్పుకుని పప్పు తిరగమోతలో పడిపోయాను.

పందెం నాడు అతను మమ్మల్ని చీకటితోనే లేపాడు. బండి ముందురోజే ఎల్లారెడ్డి చేరింది. భూపాల్ జీపు ఇంటి ముందు ఉరుముతూ నిలబడి ఉంది.

"పదింటికంటివి గదా?" అన్నాను.

"ముందుగాల వోయి రోడ్డు చూస్కోవాలె."

"పెద్ద జెట్లు ఏసినవా?"

"ఏసిన," అన్నాడు, చెప్పుల వైపు చూస్తూ.

దారి పొడుగునా మంచు. బాపు శాలువా నిండా కప్పుకుని నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఎల్లారెడ్డి దాటి, నిజాంసాగర్ పోయే రోడ్డు తిన్నగా సాగేచోట జీపు ఆగింది. రెండు పక్కలా నాటు పడిన పొలాలు, వాటి నీళ్ల మీంచి లేస్తున్న పొగమంచు. దుప్పట్లు కప్పుకున్న జనం అప్పటికే రోడ్డు వారన గుంపులుగా ఉన్నారు. రోడ్డు చూసుకోవడానికి వచ్చిన వాళ్లలా లేరు. తమాషా చూడటానికి వచ్చిన వాళ్లలా ఉన్నారు.

రెండు బండ్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మహేందర్ మా వైపు రాకుండా నేరుగా అటే నడిచాడు. ఉన్ని టోపీ పెట్టుకున్న ఒకాయన అరచేతులు ఊదుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. తానే అరుణ్‌కుమార్‌నని చెప్పి, బాపుకు దండం పెట్టాడు. మంచి మనిషిలా ఉన్నాడు.

"అక్కా, మీ ఆయనకు గిదేం పిచ్చి? చేతులు కొయ్యలైతున్నయి," అన్నాడు నవ్వుతూ. "మేం పది గంటలకే అనుకున్నం. ఆయనే ఫోన్ జేసి, తెల్లారంగనే వెట్టుకుందం, ఎండొస్తె ట్రాక్టర్లు తిరుగుతయన్నడు. భూపాలన్న గూడ సరే అనె."

నేను తల తిప్పాను.

మహేందర్ బండి మీద కూర్చుని ఉన్నాడు. మా మాటలు అతనికి వినపడేంత దూరంలోనే ఉన్నాడు. నా ముఖం చూశాడు. నాకు తెలిసిపోయిందని అతనికీ తెలిసింది. ఒక్క క్షణం, తప్పు చేసి దొరికినవాడిలా కాదు, నన్ను ఏదో బతిమాలుతున్నట్టు చూశాడు. తర్వాత హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు.

"దిగు!" అని అరిచాను. "ఓ అయ్యా, దిగు!"

కిక్కు కొట్టాడు. నా అరుపు ఆ చప్పుడులో కలిసిపోయింది. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి భూపాల్ చెయ్యి దించేశాడు, రెండు బండ్లూ పొగమంచులో కలిసిపోయాయి.

కళ్లకు ఏమీ కనిపించలేదు. చెవులే మిగిలాయి. పెద్ద జెట్లు వేసి ఉంటే ఆ బండి లేచేటప్పుడు ఒక్కసారి తడబడాలి, పొలమారినట్టు. ఆ తడబాటు కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. అది రాలేదు. చప్పుడు సన్నగా, సాఫుగా, ఎక్కడా గీత లేకుండా పైకి పోతూనే ఉంది. నా జన్మలో ఏ ఇంజను అంత బాగా పలకగా వినలేదు. జనం ఈలలు వేస్తున్నారు. భూపాల్ రెండు చేతులూ ఎత్తి గంతులు వేస్తున్నాడు. అంతమందిలో ఆ పాటకు అర్థం తెలిసినవాళ్లం ఇద్దరమే. బాపు కళ్లు మూసుకుని నా చెయ్యి నలిపేస్తున్నాడు.

కీచుమని ఒక చిన్న శబ్దం వచ్చింది. తర్వాత బీర్కూర్ బండి ఒక్కటే వినిపించింది. కొంతసేపటికి అదీ ఆగిపోయింది.

బతికాడు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే నన్ను చూసేవాళ్లంతా మొదట నుదుటి వైపు చూస్తారు. నిజామాబాద్ ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. కిక్కు కొట్టే కాలు. అరుణ్‌కుమారే అతన్ని పొలంలోంచి ఎత్తుకొచ్చాడు, ఆ తర్వాత చాలాసార్లు పళ్లు పట్టుకుని వచ్చి మంచం దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. భూపాల్ ఒక్కసారే వచ్చాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "గని ముంగటుండె చెల్లె. వడేటప్పుడు గూడ బీర్కూరోనికన్న ముంగటనే ఉండె," అన్నాడు. మంచం మీద మహేందర్ ఆ మాటకు నవ్వాడు. మత్తుమందు వల్లనేమో అనుకున్నాను.

ఇంటికి వచ్చాక కూడా ఆ నవ్వు పోలేదు. అతన్ని చూడటానికి వచ్చేవాళ్లు ఏడుపు ముఖాలతో వచ్చి, కళ్లు పెద్దవి చేసుకుని కథ వింటూ కూర్చునేవాళ్లు. అతను ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేవాడు.

"ఇదంత మా వనజ పుణ్యమే. చలిల గాలి చిక్కగుంటదని ఆమె జెప్పేదాంక నాకే సమజ్ కాలే. పది గంటలకైతె నేను ఓడిపోదును. ఆమె జెప్పినంకనే నాకు తెలివైంది, గీ బండి అసలు గొంతు తెల్లారంగనే ఇనవడతదని."

నన్ను మెచ్చుకునేవాళ్లు! చెయ్యి మంచిదనేవాళ్లు. నేను చాయ్ గిన్నె పట్టుకుని లోపలికి పోయేదాన్ని. అతన్ని కాపాడుకోవడానికి చెప్పిన మాటలో సగం విని, ఆ సగాన్నే ప్రేమించిన మనిషిని ఏం చెయ్యాలి? తిట్టి చూశాను, ఏడ్చి చూశాను. "నీకు దెల్వదే, నువ్వు బయటకెల్లి విన్నవు, నేను దాని మీద కూసోని విన్న," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. బాపు ఆ రోజు నుంచి అల్లుడితో మాట్లాడలేదు. ఒకే బంతిలో తినటానికి కూర్చున్నా, ఉప్పు కావాలంటే నన్నే అడుగుతాడు.

ఎండలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం పెద్దకొడప్‌గల్ దిక్కు నుంచి హరిలాల్ అనే అతను వచ్చాడు. వాళ్ల తండాలో కొత్తగా పెళ్లయినవాడట, చేతికి ఇంకా పసుపు వాసన పోలేదు. ఒక గుడ్డసంచీలోంచి పాత కార్బొరేటర్ల జత తీసి, షెడ్డు నీడలో మంచం మీద ఉన్న మహేందర్‌కు కాకుండా నాకు చూపించాడు.

"అక్కా, జెట్లు మీరే సన్నం జేస్తరట గదా. అందరు చెప్తున్నరు. నాకు గూడ జేసియ్యిండ్రి."

"మేం బంద్ జేసినం తమ్మీ," అన్నాను. "ఇంటికి వో. పెండ్లాం ఎదురుసూస్తుంటది."

అతను నిరాశగా సంచీ మూట కట్టబోయాడు. మంచం మీద మహేందర్ మోచేతి మీద లేచాడు. ఆ కుర్రాణ్ని, చేతిలోని కార్బొరేటర్లను, బయట తెల్లగా కాస్తున్న ఎండను ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. అతని ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది.

"ఆగు తమ్మీ. ఆమె మాటలకేం గని, అవి ఈడ వెట్టిపో," అన్నాడు. "ఇప్పుడైతె ఎండలు. ఇప్పుడు జేస్తె దండుగ. చలి వడ్డంక రా."

రోడ్డు మీద ఆ పాట ఆగిపోయినప్పుడు నాకు భయమేసింది, నిజమే. కానీ మా ఆయన గొంతులో ఆ నిమ్మళం విన్నప్పుడు వేసినంత కాదు. హరిలాల్ ఎవరి మాట వినాలో తెలియక మా ఇద్దరి వంకా చూశాడు. చివరికి సంచీ నా కాళ్ల దగ్గర పెట్టి, ఇద్దరికీ దండం పెట్టి వెళ్లిపోయాడు.